జోడుకొంగల నస్యము

హేమంతర్తువు ప్రవేశించి కొల్లేటి సరస్సు మీదినుండి లేచిన తుహినధూమము ఏలూరి వీథులను శ్వేతాంబరమువలె కప్పియుండ ఇండ్ల చూరులనుండి మంచుబొట్లు జాఱి అరుగులను తడుపుచుండ సూర్యబింబము నీటిలో నానిన పగడమువలె తూర్పున మసకగా వ్రేలాడుచుండ బజారువీథిలో ఒక్క యింటినుండి మాత్రము నేతిలో వేగెడి పొగాకు పరిమళము బయల్వెడలి బాటసారుల నాసికలను మేల్కొలుపుచుండెను. అది నస్యవ్యాపారి యగు మాజేటి కనకలింగశ్రేష్ఠి గృహము.

ఇరువది సంవత్సరములుగా ఆతడు నస్యము, అనగా ముక్కుపొడుము, చేసి ఎండిన అరటిపట్టలలో కట్టి పైని జంటకొంగల ముద్ర వేసి అమ్ముచుండెను. చదువనేరనివారు సైతము కొంగలను చూచి కొనుచుండిరి. ముద్ర వేయుటకు ఆ యింట నొక నియమము కలదు. ప్రతి వాయినుండియు కనకలింగము మొదట చిటికెడు పీల్చి కన్నులు మూసికొని కొంతసేపు ధ్యానస్థునివలె నుండి పిదప "వెయ్యి" అనును. ఆ మాట వినినగాని భార్య వాసవమ్మ అచ్చును చేతబట్టదు.

ఆ యొక్క మాటను ఏండ్లతరబడి పలుకుచు ఆతడు తన నాసికయే తానని తలంపసాగెను. మనుష్యుడు దేనివలన మన్నన పొందునో దానియందే తన ప్రాణమును దాచుకొనును. దానికి లోపము కలిగినదని యొప్పుకొనుట వానికి మరణతుల్యముగా తోచును. అట్టి కనకలింగమునకు ఒక శుక్రవారమున గట్టి పడిశము పట్టెను.

"ఏవండీ, ఈ నెయ్యి వాసన ఏదో తేడాగా ఉంది. మీకు చూస్తే పడిశం. రేపు చూద్దురూ" అని వాసవమ్మ అనెను.

"పడిశం నాకు గాని నా ముక్కుకి కాదే. వెయ్యి."

నిజమునకు ఆతనికి ఏ వాసనయు తగులలేదు. ఆ శూన్యమునే ఆతడు నిర్దోషత్వముగా గ్రహించెను. వాసవమ్మ క్షణకాలము తటపటాయించి ముద్ర వేసెను. మఱునాటికి ఆ పట్టలు ఊరెల్ల వ్యాపించెను.

సోమవారము ఉదయమున సంస్కృతోపాధ్యాయుడు ముక్తేవి నృసింహావధాని ఉత్తరీయపు చెఱగు ముక్కున కడ్డము పెట్టుకొని అరుగెక్కెను. నస్యము లేనిదే ఆయన నోట పాఠము రాదని శిష్యులలో ప్రతీతి.

"ఏమయ్యా శెట్టీ, నీ కొంగలు ఈమధ్య చేపలు తిని మూతి కడుక్కోవడం మానేశాయా?"

కనకలింగము నవ్వుచు ఆయన చాచిన పట్ట నందుకొని పీల్చెను. ఏమియు తెలియలేదు. మఱల పీల్చెను. అప్పుడు పట్టను భార్య కందించెను. ఆమె వాసన చూచి మొగము త్రిప్పుకొనెను గాని నేను ముందే చెప్పితినని మాత్రము అనలేదు.

వివర్ణమైన శెట్టి వదనమును చూచి అవధాని జాలిపడెను. "పోనీలేవయ్యా. సంతలో ఒంటికొంగ బొమ్మ వేసి అమ్మేవాడొకడున్నాడుగా. వాడే నీ అచ్చు దొంగిలించాడని చెప్పెయ్. ఊరంతా నమ్ముతుంది."

నమ్మునని కనకలింగమునకును తెలియును. ఇరువది సంవత్సరముల నమ్మకము ఆ యొక్క అబద్ధమును మోయుటకు చాలును. నిజము చెప్పినచో ముక్కు చెడిన నస్యవ్యాపారి యని నవ్వులపాలై అంగడి మూసికొనవలసి వచ్చునేమో. అబద్ధమాడవచ్చునను తలంపు కలిగినంతనే ఆతని మనస్సు ఎంతయో తేలికపడెను. ఆ తేలికదనమే ఆతనిని భయపెట్టెను. కొంగల బొమ్మ పట్టమీద నున్నది గాని దాని యర్థము తా నెఱుగని జనుల మనస్సులలో నున్నది. అచ్చట వారు నిలుపుకొన్నదానిని తానే దొంగిలించుట యెట్లు?

"కాదండీ అవధానులుగారూ. అచ్చు మాదే, తప్పూ నాదే. ముక్కు పనిచెయ్యలేదు. ఆ మాట ఒప్పుకోలేకపోయాను."

మధ్యాహ్నమున ఆతడు చాటింపు వేయు పోలయ్యను పిలిపించెను. సంగతి విని పోలయ్య డప్పు క్రిందికి దింపెను.

"నిజంగా ఇదే చాటమంటారా శెట్టిగారూ? వేలానికి చాటాను, తప్పిపోయిన గేదెకి చాటాను. ముక్కుకి చాటడం ఇదే మొదలండి."

"ఆ గేదె దొరికిందా?"

"దొరికిందండి."

"అయితే నా ముక్కూ దొరుకుతుంది. కొట్టు."

"జోడుకొంగల శెట్టిగారి ముక్కుకి పడిశం పట్టిందహో! శుక్రవారం నాటి నశ్యం చెడిందహో! తెచ్చిచ్చినోళ్ళకి మంచిది చేసిస్తారహో!" అని పోలయ్య వీథివీథిని చాటుచుండ ఊరు ఊరెల్ల నవ్వెను. ఆ నవ్వు గోడలు దాటి లోపలికి వచ్చుచుండ కనకలింగము తల వంచుకొని కూర్చుండెను.

మంగళవారము తెల్లవాఱగనే ఒక వృద్ధుడు బండి నిలిపి వచ్చి చెడిన పట్టను అరుగుపై నుంచెను. దానిప్రక్కనే చిన్న మూట యొకటి పెట్టెను.

"మిరియాలు బాబూ. పాలల్లో కాచుకు తాగండి. మీ ముక్కు బాగుంటేనే గదా మా ముక్కులు బాగుండేది."

పిదప నొకడు శొంఠి తెచ్చెను. ఒక ముసలమ్మ తులసియాకులు తెచ్చి ఆవిరి పట్టు విధము రెండుమాఱులు చెప్పి మూడవమాఱు వాసవమ్మచేత చెప్పించుకొనెను. జాము ప్రొద్దెక్కునప్పటికి అరుగుపై నొకవైపున చెడిన పట్టలును వేఱొకవైపున వానికన్న నెత్తుగా పసుపుకొమ్ములు మిరియాలు వాముపొట్లములును పేరుకొనెను. అవధాని మాత్రము మందేమియు తేక వైద్యశాస్త్రమునుండి నాలుగు శ్లోకములు తెచ్చి చదివెను.

"ఎవరి మందు ముందు వెయ్యమంటారు?" అని వాసవమ్మ నవ్వుచు అడిగెను.

"అందరిదీ కలిపి కాచెయ్."

ఆ కషాయమును ఆతడు అందఱి యెదుటను గ్రుక్క త్రిప్పుకొనక త్రావెను. కన్నులు నీటితో నిండెను. ముఖము వికృతమయ్యెను. జనులు మఱల నవ్విరి. ఈసారి ఆ నవ్వు ఆతనిని నొప్పింపలేదు.

"ఏం శెట్టీ, వాసన తెలిసిందా?" అని అవధాని అడిగెను.

"ఇంకా లేదండీ. రుచి మాత్రం తెలిసింది."

ఇరువది సంవత్సరములు తనదేయని కాపాడుకొన్న నాసిక యెన్నడో ఊరివారి సొత్తైనదని ఆతనికి ఆ చేదునందు తెలిసెను. తెలిసిన వెనుక బరువు దింపుకొన్న కూలివానివలె ఆతడు గోడకు చేరగిలబడి కన్నులు మూసికొనెను. మంచు విడిపోయిన వీథిలో జనులు ఇండ్లకు పోవుట మఱచి రేపటి వాయికి నేయి ఎక్కడ కొనవలెనను విషయమున తమలో తాము వాదులాడుకొనుచుండిరి.