గులాబీ తీగకు పట్టిన పురుగు

టైలరు మాస్టారు కొట్టు మూసేసి మూడేళ్ళు దాటింది గానీ, మెడలోని కత్తెర మాత్రం తియ్యలేదు. వేలెడంత కత్తెర, నల్లదారానికి కట్టి ఉంటుంది. నలభై ఏళ్ళు గుండెల మీద ఆడిన వస్తువు. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప తీసి ఎరగడు. ఎక్కడ దారప్పోగు వేలాడుతూ కనబడినా ఆయన కుడిచెయ్యి ఆయన్ని అడక్కుండానే లేస్తుంది. టక్. ఒకసారి బ్యాంకులో ముందు నిలబడ్డ పెద్దమనిషి కాలరు పోగు అలాగే కత్తిరించి, ఆయన చేత నానా మాటలూ పడ్డాడు. కత్తిరించిన ముక్కని కింద పారెయ్యడం మాస్టారి ఇంటావంటా లేదు. చొక్కా ఎడమ జేబులో వేసుకుంటాడు, కొట్లో గురువు నేర్పిన మర్యాద అది.

కొట్టు మూసేసి ఇంటికొచ్చి చూసుకుంటే, ఇంట్లో ఆయనదంటూ జానెడు చోటు లేదు. ఇల్లు చిన్నది, ముందున్న తోట దానికన్నా కాస్త పెద్దది, రెండింటిలోనూ భార్యదే రాజ్యం. ఆవిడ ముప్పయ్యేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసింది. వీధి వీధంతా ఆవిణ్ణి నర్సమ్మ అంటారు. వార్డులో మంచాలన్నీ వరసగా చూసి చూసి మొహం మొత్తిందో ఏమో, తోటలో వరసన్నమాట లేకుండా పెంచింది. చామంతి పక్కన పుదీనా, పుదీనా మీద పడి బంతి, బంతి కాళ్ళ కింద టమాటా, రాళ్ళ సందుల్లో పేరు తెలియని నీలం పూలు. ఆఖరికి నడిచే దారి కూడా వంకరే. వచ్చినవాళ్ళంతా ఆహా ఓహో అనేవారు. మాస్టారి కంటికి మాత్రం అది అంచు మడిచి కుట్టకుండా వదిలేసిన బట్టలా కనబడేది. ఆ ముక్క ఒకరోజు నోరుజారి అన్నాడు కూడా. తర్వాత రెండు రోజులు తన కాఫీ తనే పెట్టుకున్నాడు.

అయినా సిగ్గు విడిచి అడిగి, తోటలో కాస్త చోటు సంపాదించాడు. వంటింటి కిటికీకీ వీధి తలుపుకీ మధ్యనున్న గోడ అది. టేపు తెచ్చి మూడుసార్లు కొలిచి, చీటీ రాసుకుని మొక్కలు అమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాడు. నాలుగడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు, దీనికి సరిపోయే గులాబీ తీగ కావాలన్నాడు. మొక్కలాయన జన్మలో ఇలాంటి బేరం ఎరగడు. అయినా వెతికి వెతికి ఒక పొట్టిరకం తీగ ఇచ్చాడు. ఎనిమిదడుగులు దాటదని, కుదురుకుందంటే లేత గులాబీరంగు గుత్తులు ఆర్నెల్లు విరగబూస్తాయని చెప్పాడు. తీగల్ని ఎలా కట్టాలో కూడా చెప్పబోయాడు గానీ మాస్టారు చెవిన పెట్టలేదు. కట్టడం, కుట్టడం తనకొకరు నేర్పాలా?

ఆ తీగని ఆయన పెంచిన తీరు చూస్తే పెళ్ళికొడుకు సూటు కుడుతున్నాడనిపించేది. గోడ మీద కుట్టుసుద్దతో గీతలు గీశాడు. నాలుగు తీగలొస్తే నాలుగింటినీ ఇస్త్రీ ప్యాంటు మడతలా నిటారుగా నిలబెట్టి, పాత సూటుబట్ట పీలికలతో కట్టాడు. ప్రతి సోమవారం ఎత్తు కొలిచి సుద్దగీత పెట్టేవాడు. మొదటి ఏడాది పూలు పుయ్యలేదు. ఇంకా పసిది కదా అని సరిపెట్టుకున్నారు. రెండో ఏడాది ఒకే ఒక్క పువ్వు పూసింది, అదీ పైన చూరు దగ్గర. నర్సమ్మ మెడ విరిగేలా తలెత్తి చూసి, బాగానే ఉంది, కాకులు చూసుకుంటాయి అంది.

మూడో ఏడాది అసలు గొడవ మొదలైంది. తీగ పక్కల నుంచి పుట్టే చిగుళ్ళు వేలెడు పొడుగు రాగానే మాయమైపోతున్నాయని నర్సమ్మ కనిపెట్టింది. పురుగు అని తేల్చేసింది. రోగులకు రాసినట్టే ఒక అట్టమీద కాగితం బిగించి, ఏ రోజు ఎన్ని చిగుళ్ళు పోయాయో రాయడం మొదలెట్టింది. సబ్బునీళ్ళు కొట్టింది, బూడిద చల్లింది, ఆకు ఆకూ తిప్పి చూసింది. పురుగు జాడ లేదు. చిగుళ్ళు మాత్రం రోజూ రెండో మూడో పోతూనే ఉన్నాయి.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ముక్కాలి పీట తెచ్చుకుని, సూదిలో దారం ఎక్కించడానికి వాడే భూతద్దం పట్టుకుని, పొద్దున కాఫీ గ్లాసుతో సహా కాపలాకి దిగాడు. తీగ చుట్టూ తిరిగేవాడు, వంగి చూసేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. చిత్రమేమిటంటే ఆయన కళ్ళెదుటే చిగుళ్ళు పోయేవి. కాపలా ఉన్న రోజున ఇంకో రెండు ఎక్కువే పోయేవి. ఆయన భయమంతా అదే. మనిషంటే లెక్కలేని పురుగుని ఏం చెయ్యాలి?

చివరికి నర్సమ్మ కబురు చెప్పేసింది. ఆదివారం ఆవిడ తమ్ముడు గునపం పట్టుకొస్తాడు. తీగని తవ్వేసి ఆ చోట చిక్కుడు పాదు పెడతారు. పురుగు మిగతా తోటకి పాకితే ఆవిడ ఊరుకోదు.

మాస్టారికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తీగ పోతే తోటలో తన చోటు పోయినట్టే. ఇక గుమ్మంలో కూర్చుని భార్య పని చేస్తుంటే చూసే మనిషిగా మిగిలిపోతాడు. కొట్టు తాళం చెవి అప్పగించిన రోజు కూడా ఆయనకి ఇంత దిగులు పుట్టలేదు.

గురువారం మధ్యాహ్నం నర్సమ్మ వంటింట్లో ఉండగా, మొక్కలాయన్ని బతిమాలి ఆయన సైకిలు మీదే పిలుచుకొచ్చాడు. మొక్కలాయన తీగని కింది నుంచి పైదాకా చూశాడు. తెగిన చోట్లు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు.

"మాస్టారూ, ఇది బాగా చదువుకున్న పురుగండీ. చూడండి, అన్నీ ఒకే ఏటవాలుగా కోసింది. ఒక్కచోట కూడా నమల్లేదు."

పైగా ఇది వట్టి చిగుళ్ళు తినే పురుగు కాదన్నాడు. ఈ రకం తీగకి పూలు పుట్టేదే ఆ పక్క చిగుళ్ళకి. అవి పోతే పువ్వన్నమాట మరిచిపోవాల్సిందే. తీగల్ని కూడా ఇలా నిలబెట్టకూడదు, పక్కకి వంచి విసనకర్రలా పరిచి కట్టాలి, అప్పుడే కింది నుంచి పైదాకా చిగుళ్ళు వేస్తుంది. మొదటి రోజే చెప్పబోతే తమరు వినిపించుకోలేదని కూడా అన్నాడు.

మాస్టారు శ్రద్ధగా తలాడిస్తూ వింటున్నాడు. ఆయన ముక్కు ఎదురుగా ఒక లేత చిగురు, ఎర్రగా, వేలెడు పొడుగున, గీసిన గీత దాటి పక్కకి పొడుచుకొచ్చి ఉంది.

టక్.

మొక్కలాయన మాట ఆగిపోయింది. ఇద్దరూ మాస్టారి కుడిచేతి వంక చూశారు. కత్తెర ఇంకా సగం తెరుచుకునే ఉంది. చిగురు ముక్క ఎడమచేతి వేళ్ళ మధ్య, ఎడమ జేబుకి బెత్తెడు దూరంలో ఉంది. మాస్టారు మెల్లగా జేబులోకి వేళ్ళు పోనిచ్చాడు. నిన్నటివి వాడినవి, పొద్దుటివి పచ్చివి, అడుగున ఎండి పొడైనవి. గుప్పెడు పూలు పూయాల్సిన చిగుళ్ళన్నీ అక్కడున్నాయి.

మొక్కలాయన మర్యాదస్తుడు. ఆకాశం వంక చూసి, ఎండ ముదురుతోందని చెప్పి సైకిలెక్కాడు.

నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే తీగ పోతుంది. సాయంత్రం దాకా తర్జనభర్జన పడి మాస్టారు రెండూ దక్కే దారి ఒకటి కనిపెట్టాడు. వంటింట్లోకి వెళ్ళాడు. నర్సమ్మ గిన్నెలు తుడుస్తోంది. పురుగు దొరికిందని, తరిమేశానని, ఇక జన్మలో రాదని, కాబట్టి తీగకి ఇంకొక్క ఏడాది గడువివ్వమని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. మాత్ర మింగానని చెప్పి తలగడ కింద దాచే రోగుల్ని ముప్పయ్యేళ్ళు చూసిన మనిషి ఆవిడ.

"ఎన్ని కాళ్ళు దానికి?"

ఈ ప్రశ్న వస్తుందని మాస్టారు అనుకోలేదు. "రెండు," అన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "నాకు కనబడినవి రెండు," అన్నాడు.

"రంగు?"

"చామనఛాయ. పైన కాస్త నెరిసింది."

నర్సమ్మ గిన్నె పక్కన పెట్టింది. "కళ్ళద్దాలున్నాయా?"

మాస్టారు పీట మీద కూలబడ్డాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఎడమ జేబు బోర్లించి ఉన్నదంతా బల్ల మీద పోసి, తనకి నిజంగానే తెలియదని, చెయ్యి దానంతటదే లేచిందని చెప్పాడు. ఆవిడకి నాలుగు రోజుల కిందటే తెలుసట. చొక్కా నీళ్ళలో వెయ్యబోతే జేబునిండా ఆకులు కనబడ్డాయట. మరి తెలిసి కూడా తమ్ముణ్ణి గునపం తెమ్మంటావా అని మాస్టారు అడిగాడు.

"మీరు కావాలనే చేస్తున్నారనుకున్నా," అంది నర్సమ్మ. "నా తోట మీకు మొదటి నుంచీ నచ్చదుగా. నేనిచ్చిన చోటు కూడా నచ్చలేదేమో, ఎలాగోలా వదిలించుకుందామని చూస్తున్నారేమో అనుకున్నా."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. "వదిలించుకోవడమా? నాకున్నదే అదొక్కటి. నాకు నీ తోటలో ఉండాలని ఉందే."

నర్సమ్మ చాలాసేపు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. తర్వాత చెయ్యి చాపింది. ఏడాది గడువు ఇస్తానంది, కానీ తోటలో అడుగు పెట్టేముందు ఆ కత్తెర తన చేతికివ్వాలంది. మాస్టారు నల్లదారం తల మీదుగా తీశాడు. మెడ బోసిపోయినట్టయింది.

ఆదివారం బావమరిది గునపంతో దిగాడు. అక్కా బావా కలిసి అతనికి కాఫీ ఇచ్చి, నాలుగు టమాటాలు చేతిలో పెట్టి, గునపంతో సహా వెనక్కి పంపేశారు. ఎందుకు పిలిచారో, ఎందుకు పొమ్మన్నారో అతనికి ఈనాటికీ అర్థం కాలేదు.

తీగల్ని వంచి కట్టడానికి మాస్టారికి మొదట ప్రాణం ఒప్పలేదు. చక్కగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని వంగోమన్నట్టు అనిపించింది. సగం కట్టాక ఠక్కున వెలిగింది: చిన్నపిల్లల గౌను నడుం దగ్గర బట్టని దగ్గరికి లాగితేనే గదా కింద కుచ్చులు విచ్చుకునేది! ఆ తర్వాత ఆయనకి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పీలికలన్నీ విప్పి, నాలుగు తీగల్నీ గోడ మీద అటు రెండు ఇటు రెండు పరిచాడు. చిగుళ్ళు ఎక్కడ పడితే అక్కడ లేచాయి. చూసినప్పుడల్లా ఆయన చెయ్యి గుండెల మీదికి వెళ్ళి, అక్కడేమీ దొరక్క చొక్కా గుండీ పట్టుకునేది. ఆ ఏడాది మూడు చొక్కాలకి పై గుండీలు ఊడాయి.

మరుసటి ఏడాది చలి తగ్గగానే తీగ పూసింది. కింద మోకాలి దగ్గర నుంచి పైన చూరు దాకా గుత్తులే గుత్తులు. కొన్ని కిటికీలోంచి వంటింట్లోకి తొంగిచూస్తున్నాయి, కొన్ని తలుపుకి అడ్డం పడుతున్నాయి. గోడమీద సుద్దగీతలు ఒక్కటీ కనబడటం లేదు. నర్సమ్మ బయటికొచ్చి ఈసారి తలెత్తకుండానే చూసింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి, నర్సమ్మగారూ, ఎంత బాగా పెంచారండీ అన్నారు. ఆయనది, ఆయన పెంచారు అంది ఆవిడ.

మాస్టారికి పట్టరాని సంతోషమేసింది. ఆ ఊపులో పువ్వుని సరిచెయ్యబోయి చెయ్యి చాపాడు, ముల్లు తగిలి కొత్త చొక్కా చేతి అంచున పోగు లేచింది. బెత్తెడు దారం, తెల్లగా వేలాడుతోంది. ఆయన దాని వంక చూశాడు, భార్య మెడలో ఉన్న కత్తెర వంక చూశాడు. కొంచెం కత్తిరించి పెట్టమని చెయ్యి ముందుకు చాపాడు.

నర్సమ్మ కత్తెర తీసింది. ఆ దారాన్ని వేలి మీదికి తీసుకుని, మాస్టారు భూతద్దంలో చిగుళ్ళు చూసినంత శ్రద్ధగా అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్ళీ కత్తెర వదిలేసింది.

"ఉండనివ్వండి. మొగ్గేస్తుందేమో చూద్దాం."

మాస్టారు ఆ పోగుతోనే ఆ పూట బజారుకి వెళ్ళొచ్చాడు.