జరుగు, వేడి!

ఆ కేక ఆ రోజు ఎవరూ పెట్టలేదు. కాళ్ళు కాలిన చెల్లి అరుపు మాత్రం వంటగది అద్దం అవతల భోంచేస్తున్నవాళ్ళందరికీ వినిపించింది. ఒకాయన చెంచా నోటి దగ్గరే ఆపి చూశాడు. తర్వాత మాకు వీపు పెట్టి కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఆ కుర్చీ తిరగడం నేను చచ్చేదాకా మరిచిపోను.

మేమందరం చెల్లి అని పిలిచే ఆమె మా హోటల్లో అంట్లు తోముతుంది. ఆమె కాళ్ళ మీద మరిగే సూపు ఒలికింది ఆమె సొంత అన్న చేతుల్లోంచే. పెద్ద గుండిగలు పొయ్యి మీంచి దించేది అతనే కాబట్టి మేం గుండిగన్న అంటాం. తోమిన పళ్ళేలు ఎత్తుకుని ఆమె గిరుక్కున తిరిగింది. అన్న సరిగ్గా వెనకే ఉన్నాడు. నోరు విప్పలేదు. విప్పకూడదని రూలు మరి.

ఆ రూలు రాకముందు వంటగదిలో మరిగేది ఏది చేతిలో ఉన్నా "జరుగు, వేడి!" అని కేక పెట్టాల్సిందే. విన్నవాడు తల తిప్పి చూడడు, ముందు గోడకు అతుక్కుంటాడు. ఆ కేక మాకు నేర్పింది మా యజమానే. పెద్దాయన అంటాం. ఆయనా అంట్లు తోమి, కూరగాయలు తరిగి, చెఫ్ అయి, ఆపైన సొంత హోటల్ పెట్టినవాడే. వరదలొచ్చినప్పుడు లారీల కొద్దీ భోజనాలు వండించి పంచాడు, కాదనను. తర్వాత హోటల్ యజమానుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. వంట నేర్పే బడికి చైర్మన్ అయ్యాడు. ఏ సేవా సంఘం మీటింగైనా ముందు వరసలో ఆయన కుర్చీ ఉండాల్సిందే.

ఆ హోదాతో పాటే మా వంటగది గోడ పోయి నడుమెత్తు అద్దాల గోడ వచ్చింది. వంట చూస్తూ తినాలట జనం. చూడొచ్చు గానీ మా గొంతులు వినకూడదట. మాలో మేం 'మూగవంట' అని నవ్వుకున్నాం. అరిచినవాడికి పని లేదు, సంఘంలో ఉన్న ఏ హోటల్లోనూ లేదు. ఊళ్ళో సంఘంలో లేని హోటలేది?

చెల్లిని ఆసుపత్రిలో చేర్పించి వచ్చాక సరుకుల గదిలో బస్తాల మీద కూర్చున్నాం. పెద్దాయన వచ్చాడు.

"దాని అజాగ్రత్తే అది. మందుల ఖర్చు నేను చూసుకుంటా. రేపు మధ్యాహ్నం నాకు సన్మానం, సంఘం మొత్తం ఇక్కడే భోంచేస్తుంది. పరువు తీయకండి."

"అజాగ్రత్త కాదయ్యా," అన్నాడు గుండిగన్న. "నేను నోరు మూసుకున్నా. ఒక్క కేక పెట్టుంటే నా చెల్లెలు జరిగేది."

"నేనూ పొయ్యి దగ్గర కాలినవాణ్ణేరా! ఇదుగో మచ్చ!" చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"మీరు కాలింది కేక ఉన్న రోజుల్లో కాబట్టి చెయ్యితో పోయింది," అంది రొట్టెలు కాల్చే పెద్దమ్మ.

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాగేశాడు. వెంటనే గుడ్లురిమాడు. "అరవండి, చూస్తా. మళ్ళీ ఏ పొయ్యి ముట్టుకుంటారో!"

ఆయన వెళ్ళాక మాలో మాకే పడింది. అద్దె ఎవడు కడతాడు, పిల్లలకేం పెడతాం? నేనే అడిగాను, సిగ్గులేకుండా. పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఉద్యోగం పోతే ఆకలి. నోరు మూసుకుంటే కాళ్ళు. రేపు ఎవరి కాళ్ళో చెప్పు నాయనా, వాళ్ళని అడిగొస్తా."

తెల్లారేసరికి అందరం ఒక మాట మీదికొచ్చాం.

మరునాడు యజమానులంతా అద్దం అవతల కూర్చున్నారు. మొదటి పెనం లేచింది. "జరుగు, వేడి!" అంది పెద్దమ్మ. రెండో కేక నాది. ఆ తర్వాత ఎవరిది ఏదో తెలియలేదు, వంటగది అంతా కేకలే. అవతల ప్రసంగం ఆగిపోయింది. పెద్దాయన కోటుతోనే లోపలికి దూసుకొచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నోళ్ళు ముయ్యండి!"

ఆయన వెనక నుంచి గుండిగన్న పొగలు కక్కే గుండిగతో వస్తున్నాడు. "జరుగు, వేడి!"

పెద్దాయన తల తిప్పి చూడలేదు. గోడకు అతుక్కుపోయాడు. అన్ని కోట్లు తొడిగినా ఆ ఒళ్ళు వంటవాడి ఒళ్ళే. గుండిగ ఆయన్ని ముట్టకుండా దాటిపోయింది. అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది.

అధ్యక్షుడి మీద మరిగే సూపు పొయ్యబోయాడని గుండిగన్నను పోలీసులు ఈడ్చుకెళ్ళారు. మమ్మల్నందరినీ బయటికి గెంటారు.

ఆసుపత్రికి పరిగెత్తాం. చెల్లి మా ముఖాలు చూసే కనిపెట్టింది.

"అన్నయ్యేడి?"

చెప్పాం. ఏడుస్తుందనుకున్నాం. దుప్పటి తోసేసింది. "నన్ను లేపండి."

నర్సు తిట్టింది, బతిమాలింది, చివరికి కట్లు సరిచేసి తనే చక్రాల కుర్చీ తెచ్చిచ్చింది. దారిలో ఒక్కో హోటల్ వెనక తలుపు దగ్గర ఆగాం. అక్కడా మూగవంటే. చెల్లిని చూసినవాళ్ళు లోపలికెళ్ళి పొయ్యిలు ఆర్పి, పనిగుడ్డలతోనే మా వెంట నడిచారు. పోలీస్ స్టేషన్ చేరేసరికి మాకు వీధి చాలలేదు.

"ఏంటీ గోల?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కేసు పెట్టడానికొచ్చా," అంది చెల్లి.

"ఎవరి మీద?"

"మా యజమాని మీద. ఆయన సంఘం మీద."

ఇన్‌స్పెక్టర్ కలం తియ్యలేదు. సంఘంతో పెట్టుకుంటే ఊళ్ళో తిండి పుట్టదు, పొమ్మన్నాడు.

చెల్లి కుర్చీ చక్రాలకు బ్రేకులు వేసింది. "ఆ తిండి వండేవాళ్ళం మేమే సారూ. అందరం ఇక్కడే ఉన్నాం."

పెద్దమ్మ గడప మీద కూర్చుంది. ఆమె పక్కన నేను. మా వెనక వీధంతా కూర్చుంది.