స్క్రీన్ మీద పాప

ఆసుపత్రిలో ఫొటోలు తీసేది నేనే. ఎప్పుడూ ఒక కన్ను మూసి కెమెరాలోకి చూస్తానని నన్ను అందరూ ఒంటికన్నమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. దానికి నాకేం కోపం రాదు. కెమెరాను చేతులు చాచి పట్టుకుని, వెనకాల స్క్రీన్ చూస్తూ ఫొటోలు తీసేవాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది. పాలు కక్కిన పిల్లను బట్టలకు తగలనివ్వకుండా ఎత్తుకున్నట్టు ఉంటుంది ఆ వాలకం. కెమెరాకు వ్యూఫైండర్ అని ఒక కిటికీ పెట్టింది దేనికి? కన్ను ఆనించి చూడమనే కదా.

ఇక్కడ నా పని గాయాలు, కుట్లు, కాలిన చర్మం, ఆపరేషన్‌కు ముందు ముఖం, తర్వాత ముఖం. డాక్టర్లకు రికార్డు కావాలి కాబట్టి అన్నీ దగ్గరగా తియ్యాలి. అలాంటివి రెండు కళ్ళతో చూస్తే అన్నం సహించదు. వ్యూఫైండర్‌లో అయితే చుట్టూ చీకటి, మధ్యలో చిన్న వెలుతురు, అందులో నేను చూడాల్సినంత మటుకే ఉంటుంది. బటన్ నొక్కగానే కెమెరా లోపలి అద్దం పైకి లేస్తుంది, ఆ రెప్పపాటు కంటికి ఏమీ కనపడదు. అంటే ఏ క్షణాన్ని ఫొటో తీశానో ఆ క్షణాన్ని నేను చూడనన్నమాట. ఇన్నేళ్ళుగా ఈ ఉద్యోగంలో నిలబడ్డానంటే ఆ కాస్త చీకటి చలవే.

గాయాలు చాలవన్నట్టు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. ప్రాణం లేకుండా పుట్టిన పిల్లలకు ఫొటో తియ్యడం. అదీ తల్లిదండ్రులు అడిగితేనే. పక్క గదిలో తీసి, ప్రింటును కవరులో పెట్టి నర్సు చేతికి ఇచ్చేస్తాను. తల్లి ముఖం నేను చూడను, నా ముఖం తల్లి చూడదు. ఈ పద్ధతి ఎవరో పెట్టింది కాదు, నేను పెట్టుకున్నదే.

ఆ మధ్యాహ్నం హెడ్ నర్సు వచ్చి నా గది తలుపు దగ్గర నిలబడింది. నోరున్న మనిషి, నన్ను ఏదో ఒకటి అనందే ఆవిడకు పొద్దు గడవదు. ఆ రోజు మాత్రం నేరుగా విషయానికి వచ్చింది.

“తల్లి గదిలోనే తియ్యాలట,” అంది.

“ఎవరన్నారు?”

“తల్లే. నాతో గొడవ పెట్టుకోకు. నేను చెప్పాల్సిందంతా చెప్పే వచ్చాను. వినే స్థితిలో లేదు.”

గది ఇరుకు. మంచం, సెలైన్ స్టాండు, మందుల బల్ల, కిటికీ పక్కన చక్రాల తొట్టి. మంచం మీద ఆ అమ్మాయి వెల్లకిలా పడుకుని ఉంది. పొద్దున్నే పొట్ట కోసి బిడ్డను తీశారు, కుట్లు పచ్చిగా ఉన్నాయి, పక్కకు తిరగడానికి లేదు. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తొట్టిలో ఆడపిల్ల. నెలలు నిండాక పుట్టింది, బొద్దుగా ఉంది, తల నిండా జుట్టు. వంక పెట్టడానికి ఏమీ లేదు, ఊపిరి తప్ప అన్నీ ఉన్నాయి.

“ఇంకా చేతుల్లోకి తీసుకోలేదండీ,” అన్నాడు భర్త నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి. “ముఖం కూడా చూడలేదు. సాయంత్రం తీసుకెళ్ళిపోతారు. మీరైనా కాస్త చెప్పండి.”

ఆమెకు వినపడింది.

“చల్లగా ఉంటుంది,” అంది పైకప్పు వంకే చూస్తూ. “పొద్దున ఈయన పాపను ఎత్తుకుని, అదే చేత్తో వచ్చి నన్ను పట్టుకున్నారు. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో! నేను ఎత్తుకున్నానంటే నాకిక ఆ చల్లదనమే గుర్తుండిపోతుంది. కళ్ళతో చూస్తాను, అంతే చాలు. అక్కా, మీరు కెమెరాలో చూసేది నాకూ చూపిస్తారా?”

“ఇందులో ఒక్కరే చూడగలరమ్మా.”

“వెనకాల స్క్రీన్ ఉంటుంది కదా. ఫొటో తియ్యకముందే అందులో కనపడుతుంది కదా.”

కనపడుతుంది. ఒక మీట తిప్పితే చాలు, అద్దం లేచి పైనే ఉండిపోతుంది, వ్యూఫైండర్ చీకటైపోతుంది, లెన్స్ చూసేదంతా స్క్రీన్ మీదికి వస్తుంది. ఆ మీట జోలికి నేనెప్పుడూ పోలేదు. హెడ్ నర్సు వంక చూశాను, ఏమైనా అడ్డు చెబుతుందేమోనని. ఆవిడ సెలైన్ సీసా వంక చూస్తోంది. ఇక తప్పదని మీట తిప్పాను.

తొట్టిని మంచం దగ్గరికి లాగాం. స్క్రీన్‌ను పక్కకు విప్పి ఆమెకు కనపడేలా వంచి, కెమెరాను పాప మీదికి చాచి పట్టుకున్నాను. నేను వెక్కిరించేవాళ్ళందరి వాలకమూ నాకే వచ్చింది. ముందు ముఖం చూపించాను.

ఆమె మొదట కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత తెరిచింది.

“ముక్కు ఈయనదే,” అంది. “చెబుతూనే ఉన్నాను, ముక్కు మాత్రం నాన్నది రాకూడదని. విన్నదా నా మాట?”

భర్త నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు, ముఖం తిప్పేసుకున్నాడు. ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. చెవి చూపించండి. ఆ చిన్న వేలు చూపించండి. గడ్డం కింద ఆ మడత చూపించండి. నేను చూపిస్తూ పోయాను. ఇంత ప్రశాంతంగా చూస్తోంది కదా, భయపడింది నేనే అనుకున్నాను. మెడ దాటి రొమ్ము మీదికి వచ్చాను, చుట్టిన గుడ్డ అంచు దాకా.

“కదిలింది,” అంది ఆమె.

కెమెరాను అక్కడే ఆపాను.

“అక్కా, కదిలింది! చూడండి, గుండె దగ్గర. ఊపిరి తీస్తోంది!”

స్క్రీన్ చూశాను. నిజంగానే ఊపిరి తీస్తోంది. గుడ్డ అంచు దగ్గర చర్మం మెల్లగా ఉబ్బుతోంది, కాస్త మసకబారుతోంది, మళ్ళీ తేటపడి తగ్గుతోంది. కళ్ళతో చూశాక ఎలా నమ్మకుండా ఉంటాను? నేనూ నమ్మాను. భర్త ఒక్క ఉదుటున తొట్టి దగ్గరికి వచ్చాడు. హెడ్ నర్సు మెడలోని స్టెతస్కోపు తీసి పాప రొమ్ము మీద పెట్టింది. పెట్టి చాలాసేపు అలాగే ఉంది. ఆవిడకు తెలియదనా? అయినా విన్నది. చివరికి తీసి, తల అడ్డంగా ఊపింది.

“ఆ గొట్టంలో ఏం వింటారు?” అని అరిచింది తల్లి. “స్క్రీన్ చూడండి! ఇంకా తీస్తోంది!”

అప్పటికి నాకు తెలిసొచ్చింది. నా దగ్గరున్నది కుట్లను దగ్గరగా తీసే లెన్స్. దానికి గోరంత కదలిక కొండంత. చేతులు చాచి పట్టుకున్నాను, మోచేతులకు ఆనుకోవడానికి ఏమీ లేదు. నేను పీల్చినప్పుడల్లా కెమెరా ముందుకు పోతోంది, వదిలినప్పుడల్లా వెనక్కి వస్తోంది. పాప రొమ్ము మీద కనపడుతున్నది నా ఊపిరి.

“అది పాప కాదమ్మా,” అన్నాను. “నేను ఊపిరి తీస్తుంటే కెమెరా కదులుతోంది.”

“కాదు.”

“నా మాట వినమ్మా.”

“కాదు! మీ పని అయిపోవాలని మీరు ఏదో ఒకటి చెబుతారు!”

మాటలతో తేలే వ్యవహారం కాదు. మందుల బల్లను తొట్టికి ఆనించి, కెమెరాను దాని మీద పెట్టి, లెన్స్‌ను పాప వైపు తిప్పి, చేతులు తీసేశాను.

స్క్రీన్ మీద పాప ఆగిపోయింది.

ఇంకో దారి ఏదైనా ఉండి ఉంటే బాగుండేది. నాకు తోచలేదు. పొద్దున ఆ పిల్ల ప్రాణం లేకుండా పుట్టినప్పుడు తల్లి మత్తులో ఉంది, ఆ చావును చూడలేదు. ఇప్పుడు చూసింది, చూపించింది నేను. భర్త వచ్చి ఆమె తలను తన పొట్టకు ఆనించుకున్నాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. వెళ్ళేముందు చెయ్యాల్సిన పని చేసేద్దామని, ముఖం వచ్చేలా కెమెరాను సర్ది, బల్ల మీద ఉండగానే ఫొటో తీశాను. మంచి ఫొటో వచ్చింది. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. తీసుకెళ్ళి చూపించాను.

ఆమె ఒక్క చూపు చూసింది.

“ఇది వద్దక్కా. ఇందాకటిది కావాలి.”

“ఇందాక నేను ఫొటో తియ్యలేదమ్మా.”

“వీడియో వస్తుంది కదా అందులో. మళ్ళీ చేత్తో పట్టుకుని తియ్యండి.”

“వద్దు,” అన్నాడు భర్త. ఆ మాట ఆమెతో అనలేదు, నాతో అన్నాడు. “దయచేసి వద్దండీ. ఇంటికి తెచ్చుకుంటే ఇక దాని ముందు నుంచి లేవదు. నేను ఈ మనిషిని కూడా పోగొట్టుకుంటాను.”

“ఆ అబ్బాయి చెప్పింది వినమ్మా,” అంది హెడ్ నర్సు.

నేనూ అదే అన్నాను. లేనిదాన్ని ఉన్నట్టు తియ్యడం నాకు చేతకాదు. గాయాన్ని గాయంలా తీశాను, చావును చావులా తీశాను, ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం తియ్యలేదు.

“అది నా ఊపిరమ్మా,” అన్నాను. “నా ఊపిరి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటావు?”

“ఎవరిదైతే ఏముంది?” అంది ఆమె. గొంతు చాలా మామూలుగా ఉంది. “ఇన్ని నెలలూ నా ఊపిరే పీల్చింది. ఇప్పుడు నాది దానికి అందదు. మీది అందుతోంది. కాసేపు ఇవ్వండి.”

భర్త ముఖం వంక చూడలేకపోయాను. అతను అన్నది నిజం. ఆ వీడియో ఆమెను ఏం చేస్తుందో నాకు తెలియదు, మంచి చెయ్యదని మాత్రం తెలుసు. తెలిసీ కెమెరా చేతిలోకి తీసుకున్నాను. పాప రొమ్ము మీదికి చాచి పట్టుకున్నాను. భర్త గోడ వైపు తిరిగాడు.

రికార్డు బటన్ నొక్కాను. స్క్రీన్ మూల ఎర్ర చుక్క వెలిగింది. బటన్ నొక్కేటప్పుడు ఊపిరి బిగపట్టడం మా పనిలో అందరికీ అలవాటే, చెయ్యి అదరకూడదని. నాకు తెలియకుండానే బిగపట్టాను. స్క్రీన్ మీద పాప ఇందాకటిలాగే కదలకుండా ఉండిపోయింది.

మంచం మీంచి ఒక చెయ్యి వచ్చి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

“ఊపిరి తీసుకో అక్కా,” అంది.

తీసుకున్నాను. పాప రొమ్ము పైకి లేచింది. ఏడవకూడదు అనుకున్నాను. నేను ఏడిస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే పాప వణుకుతుంది. మెల్లగా పీల్చాను, మెల్లగా వదిలాను. చేతులు లాగేస్తున్నా అలాగే పట్టుకుని పీలుస్తూ వదులుతూ నిలబడ్డాను, చాలు అంటుందేమోనని చూస్తూ. ఆమె చాలు అనలేదు.