పరదా చాటు మాట

ఆ ఇంట్లో తెల్లవారడమంటే ప్రాంప్టరు గొంతు సవరించుకోవడమే. ఉప్పునీళ్ళు పుక్కిలించి, అట్ట ఊడిన నాటకం పుస్తకం చంకన పెట్టుకుని నాటకశాలకు బయల్దేరేవాడు. ఆయన పరదా చాటునుంచి ఏ మాట అందిస్తే ఎదుటివాళ్ళ నోట ఆ మాటే వచ్చేది, వద్దనుకున్నా ఆగేది కాదు. దాంతో నటులు హాయిగా బద్ధకించి కంఠతా పట్టడమే మానేశారు.

తల్లి లేని పిల్ల, నలుగురిలో తడబడకూడదని కూతురికీ ఆయనే అందించేవాడు. బళ్ళో టీచరు అడిగినా, చుట్టాలు పలకరించినా, తలుపు వెనకనుంచి నాన్న చెప్పిందే జవాబు. అలాగే ఇరవై నాలుగేళ్ళొచ్చాయి.

ఆ ఆదివారం పెళ్ళివారొస్తున్నారు.

"నాకు నాటకం తెరలకు బొమ్మలేసే అతనంటే ఇష్టం నాన్నా. ఈ ఒక్కరోజు అందించకు," అంది కూతురు, గ్లాసులు కడుగుతూ.

"ఒంటినిండా రంగులు, జేబునిండా చిల్లులు. వాడా? నువ్వెళ్ళి కూర్చో చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"మరి అమ్మ నిన్నెలా చేసుకుంది?"

ఆయన విననట్టే వెళ్ళిపోయాడు.

సాయంత్రం వాళ్ళొచ్చారు. బిస్కెట్లు తెస్తానని లోపలికెళ్ళి, ఆయన పరదా వెనక నిలబడ్డాడు.

"అబ్బాయి నచ్చాడా అమ్మా?" అడిగింది వరుడి తల్లి.

కూతురు పరదా వైపు చూసింది. ఆ చూపు ఆయనకి తెలుసు. వెనకటికి, నాటకాల కంపెనీ యజమాని కోపిష్టి తండ్రి వేషం వేస్తే, యజమాని సొంత కూతురే కూతురి వేషం కట్టేది. మొదటి అక్షరం దగ్గర తడబడే పిల్ల. ప్రేమించినవాణ్ణి చేసుకుంటానన్న కూతుర్ని తండ్రి శపించే ఘట్టంలో, ఆమె ఇలాగే పరదా వైపు చూసింది. అప్పటికి కుర్రాడైన ఈ ప్రాంప్టరే పుస్తకంలో లేని మాట యజమానికి అందించాడు: "నీకు నచ్చినవాణ్ణే చేసుకో తల్లీ." నిండు సభలో అన్న మాట వెనక్కి తీసుకోలేక, నెల తిరక్కుండా యజమాని ఆ ప్రాంప్టరుకే పిల్లనిచ్చాడు. ఎంత బాగా బతికారు ఆ ఇద్దరూ, ఆమె ఉన్నన్నాళ్ళూ!

"నచ్చాడు" అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగబట్టి, బిస్కెట్ల పళ్ళెం గుండెకి హత్తుకున్నాడు.

ముందుగదిలో కూతురు పరదా మీంచి చూపు తిప్పుకుని వరుడి తల్లి వైపు తిరిగింది.

"క్... క్షమించండి," అంది కూతురు. "నేను ఇంకొకర్ని చేసుకోవాలనుకుంటున్నాను."

ఆ తడబాటు అచ్చం తల్లిదే. ఇన్నేళ్ళూ దాన్ని తన చెవిన పడనివ్వకుండా చేసుకున్నది తనేనని ఆయనకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాడు.

వరుడి తండ్రి కుర్చీలోంచి లేచాడు. "ఏమండీ, ఇది మీరు అందించిన మాటేనా?"

"కాదండీ," అన్నాడు ప్రాంప్టరు, కూతురి పక్కన నిలబడి. "మా అమ్మాయి మాటే."