ఏడు పొరల మడమ

ఎడమ బూటును మోకాళ్ల మధ్య బిగించుకుని నాన్న సోలుకు అంటిన మట్టిని గోకుతున్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాది చెప్పులూ తుడవడం ఆయన పని. బూట్లు కుట్టే చేతులు సెలవు రోజున కూడా ఊరుకోవు.

"నా చెప్పులకి కూడా కాస్త మొహం కడగరా, పెళ్లిచూపులకి వెళ్లాలి," అంది నాయనమ్మ మంచం మీంచి.

"పెళ్లికొడుక్కి పళ్లున్నాయా?"

"నాకున్నాయా ఏంటి? సరిపోతాం."

కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్న కూతురు నవ్వింది. నవ్వుతూనే ఆ బూటు వైపు చూసి, మడిచిన తువ్వాలునే విప్పి మళ్లీ మడిచింది.

ఎనిమిదేళ్లప్పుడు నాన్న తొక్కుతున్న సైకిలు వెనక నుంచి జారిపడి ఆమె తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఎడమ కాలు కాస్త పొట్టిగా తేలింది. నాన్న ఆ కాలి బూటు కింద ఒక తోలు పొర అతికించాడు. పిల్లతో పాటు తేడా కూడా పెరుగుతుందనుకుని, కొత్త జత కుట్టినప్పుడల్లా ఒక పొర ఎక్కువ వేస్తూ వచ్చాడు. ఆ రోజు గురించి మాత్రం ఏనాడూ నోరు విప్పలేదు.

రెండు నెలల కిందట మోకాలు వాచి మెట్లు దిగలేక, ఆమె ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన టేపు పెట్టి మూడుసార్లు కొలిచాడు. రెండు కాళ్లూ సమానం. విరిగిన ఎముక చిన్నప్పుడే పెరిగి రెండోదాన్ని అందుకుందట. అక్కర్లేని ఎత్తు మీద ఇన్నేళ్లు వంగి నిలబడి మోకాలు లోపల అరిగిపోయిందట. అరిగింది తిరిగి రాదట. అప్పటి నుంచి ఆమె ఈ బూట్లతోనే ఇల్లు కదిలి, తను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దాటాక చదును బూట్లు తొడుక్కుంటోంది. నాన్నకు తెలియకూడదు, అంతే.

"అమ్మడూ, ఇలా రా." నాన్న బూటు తిరగేసి చూపించాడు. "సోలు మార్చి రెండు నెలలైంది. రోజంతా ప్యాకింగులో నిలబడే కాలు ఇది. నా కత్తి గీత కూడా చెరగలేదేం?"

"జాగ్రత్తగా నడుస్తున్నా నాన్నా."

"నాకా కథలు? కరుస్తోందా?"

"లేదు."

"ముందు దాని మోకాలు చూడరా," అంది నాయనమ్మ. "సొరకాయలా ఉబ్బింది. నూనె రాసి రాసి నా చేతులు జిడ్డోడుతున్నాయి."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "రెండు కాళ్లూ సమానమేనట నాన్నా. ఆ ఎత్తు మోకాలికి పడట్లేదట." తువ్వాలు మడత సర్దుతూ అంది, "ఈమధ్యే సమానమై ఉంటాయి."

నాన్న బొటనవేలి గోటితో మడమ అంచున ఒక్కో పొరా తడిమాడు. ఏడు.

"ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఎముకలు పెరగవమ్మా," అన్నాడు నెమ్మదిగా.

నాన్న ఆమె బూట్లు రెండూ ఎప్పటిలాగే ముక్కులు గుమ్మం వైపు ఉండేలా పెట్టి, గుడ్డకు చేతులు తుడుచుకుని లేచాడు.

"టిఫిన్ తినకుండా ఎక్కడికిరా?"

ఆయన గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఇంకా తుడవని ఆయన చెప్పులు పీట పక్కనే ఉండిపోయాయి.