ఎన్నడూ రాని చెయ్యి

స్రవంతికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. ఆ పొద్దు సిరిసిల్లలో సాంచాల షెడ్డు గుమ్మం దాటేసరికే రెండూ కందిపోయి ఉన్నాయి. సాంచ అంటే మరమగ్గం. వాళ్లమ్మ కొమురమ్మ నడిపే సాంచ మీదే కొత్త కెమెరా బిగించారు. పోగు తెగితే లైటు వెలగాలి, చెయ్యి లోపలికి వస్తే సాంచ టక్కున ఆగాలి. ప్రోగ్రాం రాసింది స్రవంతి. దానికి వేగం పెంచింది సాగర్, కోరుట్లలో ఆమె పనిచేసే చిన్న కంపెనీకి యజమాని.

ఎలా పెంచాడంటారా? మనం రాసిన ప్రోగ్రాంను మిషను భాషలోకి మార్చే కంపైలర్‌కు ఒక లైనులో సూచన రాసి ఇచ్చాడు: చెయ్యి ఎన్నడూ లోపలికి రాదు. అది పాపం, నమ్మింది. రానే రాని చెయ్యికి కాపలా దేనికని, సాంచను ఆపే భాగాన్నే ఎత్తేసింది. నిన్న ఆఫీసులో స్రవంతి కెమెరా ముందు అరచెయ్యి ఊపితే పరీక్షకు తగిలించిన మోటారు తన మానాన తాను తిరిగింది. ఆమెకు ఒళ్లు మండింది. ఇవాళ ఆ ప్రోగ్రాంతోనే సాగర్ కొమురమ్మ సాంచను నడిపిస్తున్నాడు.

"సార్, బంద్ చెయ్యుండ్రి. గా లైను తీసేదాక దీన్ని నడవనియ్య," అంది అందరి ముందే.

"నడిచే సాంచల చెయ్యి పెట్టద్దని గోడ మీద రాసే ఉన్నది. ఎవలు పెడ్తరు?" అన్నాడు సాగర్. "మనం చెప్పకుంటె కంపైలర్‌కు ఏం ఎరుక? కెమెరాకున్న గీ చిన్న కంప్యూటర్ బోర్డు మీద గట్ల చెప్తెనే జోరుగ నడుస్తది."

"చెప్పుండ్రి, నేను వద్దన్ననా? చెయ్యి ఎప్పుడన్న ఒకసారి వస్తదని చెప్పుండ్రి. అది వేరే పని ముందుగాల చూసుకుంటది, కాపలా మాత్రం ఉంచుతది. ఎన్నడూ రాదంటె కాపలానే తీసి అవతల పారేస్తది. మీరు ఇచ్చింది సూచన కాదు సార్, అబద్ధం!"

కొమురమ్మ ఈ గొడవ వినడం లేదు. ఆమె చూపంతా బట్ట మీదే ఉంది. పోగు తెగింది. ఆపుకుంటూ కూర్చుంటే బట్ట ఎప్పటికి కావాలని, నడుస్తుండగానే ముడెయ్యడం అక్కడ అందరికీ అలవాటు. ఆమె చెయ్యి లోపలికి పోబోయింది. స్రవంతి ఒక్క దూకు దూకి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏందే బిడ్డా, గట్ల గుంజుతవ్?" అంది కొమురమ్మ గాజులు సర్దుకుంటూ.

సాగర్ మొహం పాలిపోయింది. అయినా తగ్గలేదు. "జోరు తగ్గితే ఆర్డర్ పోతది, స్రవంతీ. ఇష్టం లేకుంటె కొలువు మానెయ్."

"నేనైతే మానెయ్య. తీసేస్తరా, తీసెయ్యుండ్రి. ఎన్నడూ రాదని రాసింది మీరు, పెట్టేది మా అమ్మ. ఇయ్యాల ఒక్కసారి మీరే పెట్టి చూడుండ్రి."

సాంచ టకటకా కొడుతూనే ఉంది. సాగర్ దాని వంక చూశాడు. అతని కుడి చెయ్యి తనంతట తానే ప్యాంటు జేబులోకి దూరింది.

స్రవంతి వెళ్లి స్విచ్చి కట్టేసింది. ల్యాప్‌టాప్ తెరిచి అతని ముందుకు జరిపింది.

"లైను కొట్టెయ్యాలంటె చెయ్యి బయటికి తియ్యాలె సార్," అంది.