ఇంటికొకటే వైరు

ఆరు కాగానే టైలరమ్మ కుట్టు మిషను ఆపి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చార్జింగు వైరుకి వంతులు వేస్తుంది. ముందు తన ఫోను, తర్వాత టార్చి, ఆ తర్వాత మొగుడి గడ్డం మిషను. అన్ని వస్తువులకీ ఒకే రకం పిన్ను ఉండాలని రూలొచ్చాక ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. ఒక వస్తువు దగ్గర గట్టిగా అన్న మాట, దాన్ని చార్జింగుకి పెట్టగానే వైరెక్కి, ఆ తర్వాత పెట్టిన వస్తువులోంచి బయటికొస్తుంది; ఎంత గట్టిగా అంటే అన్ని వస్తువుల్లోంచి. అందుకే వీధిలో అందరూ కాస్త మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నారు, ఈవిడ తప్ప.

ఆవిడకి మింగుడుపడనిది ఒక్కటే. ఆ రూలు అమలయ్యే ఆఫీసులో కూర్చుని, రోజూ వందల ఫోన్లకి పిన్ను గుచ్చి చూసే మొగుడే, ఇంట్లో మాత్రం గుండ్రటి పిన్ను పాత ఫోను పెట్టుకున్నాడు. దాని చార్జరు వేరు. దానికో సొరుగు, సొరుగుకో తాళం.

"ఊరందరికీ ఉన్న రూలు మీకు లేదా?"

"ఇంకా పనిచేస్తోంది కదే," అని పేపరు తిప్పేశాడు.

ఈ మధ్య పిలిస్తే పలకడు. డాబా మీదకెళ్లి తలుపేసుకుని ఫోన్లో మాట్లాడతాడు. ఎవరితోనో సంబంధం ఉందని ఆవిడ తేల్చేసుకుంది. చెల్లెలింటికి పోదామని సంచిలో నాలుగు జతల బట్టలు కూడా సర్దింది.

గురువారం ఆయన స్నానానికెళ్లగానే చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకుని సొరుగు తీసింది. రిపేరు షాపులో కొన్న కన్వర్టరు ముక్క తగిలించి, పాత ఫోనుని ఇంటి వైరుకి పెట్టింది. నూరు లెక్కపెట్టి, ఆ వైరే టార్చికి గుచ్చింది.

టార్చి మొగుడి గొంతుతో అంది: "పిన్ను సరిగ్గా పడితే టిక్కుమంటుంది డాక్టరుగారూ. ఆ టిక్కు నాకు వినబడి నాలుగు నెలలైంది. శుక్రవారం పెద్దాఫీసరు పక్కన కూర్చుని చూస్తాడట. ఉద్యోగం పోతుందండి. ఇంట్లో చెప్పలేదు."

ఆవిడ పాత ఫోను సొరుగులో పెట్టి తాళం వేసింది. సంచిలోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టేసింది. రాత్రి వైరుకి తన ఫోను పెట్టి, దాని ముందు వంగి, వీధి చివరికి వినబడేలా "పడిందండీ" అంది.

పొద్దున వైరు చుట్టి ఆయన చేతిలో పెట్టింది. "ఇవాళ దీంతోనే చూడండి."

"ఏమిటి మతలబు?" ఆయన వైరుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

సాయంత్రం వచ్చి ఆ వైరు టార్చికి గుచ్చాడు. పెద్దాఫీసరు బొంగురు గొంతు వచ్చింది: "మూడొందల్లో ఒక్క పొరపాటూ లేదు. ఎవరయ్యా ఈవిడ, ప్రతి ఫోన్లోంచీ చెవులు పగిలేలా?"

"మా ఆవిడండి. ఆవిడ గొంతొక్కటే నాకు వినబడేది," అంది టార్చిలోంచే మొగుడి గొంతు.

"అయితే రోజూ ఈ వైరే తెచ్చుకో."

టార్చి ఆగింది. టైలరమ్మ మెల్లగా, "డాక్టరు ఏమన్నాడు?" అంది.

"ఆఁ?"

ఆవిడ కుర్చీ ఆయన చెవి పక్కకి లాక్కుని మళ్లీ అడిగింది.